పురుగు నరం, పసిబిడ్డ నరం: సస్యరక్షణ పాఠంలో కొరవడిన అధ్యాయం

రైతు శిక్షణ శిబిరాలలో క్లోరిపైరిఫాస్ గురించి మనం చెప్పే మాట ఏళ్ల తరబడి మారలేదు. "ఈ మందు పురుగు నాడీమండలంపై పనిచేసి దానిని చంపుతుంది. లీటరు నీటికి ఇంత కలిపి పిచికారీ చేయండి." వ్యవసాయ కళాశాల విద్యార్థి పరీక్షలో రాసే సమాధానం ఇంతకంటె కొంత పొడవు, అందులో ఎసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము పేరు కూడా ఉంటుంది. అయితే రెండు చోట్లా వాక్యం పురుగు దగ్గరే ఆగిపోతుంది. అదే ఎంజైము మందు కొట్టే మనిషిలోనూ ఉన్నదన్న సంగతిని ఒక హెచ్చరికగా చెప్పి వదిలేస్తాము. ఇంకా ఎదుగుతున్న నరానికి దారి ఏర్పరచడంలో ఎంజైములకు పాత్ర ఉన్నదన్న సంగతి అసలే చెప్పము.

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల భద్రతను మనం ప్రాణాపాయం అనే ఒక్క కొలతతోనే కొలుస్తున్నాము. ఆ కొలత అవసరమే, కాని చాలదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో విస్తరణ కార్యక్రమానికి రెండవ కొలత, అంటే గర్భస్థ శిశువులోను పసివారిలోను నరాల ఎదుగుదల, తోడు కావాలి. అందుకు తొలి మెట్టుగా మందు కొట్టేవారి రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్షను సస్యరక్షణ సలహాలో భాగం చేయాలి. ఇదే ఈ వ్యాసం వాదన.

త్రిభుజం చెప్పేది, చెప్పనిది

మందు డబ్బాపై ఉండే రంగు త్రిభుజాన్ని చదవడం ప్రతి శిబిరంలోను నేర్పుతాము. ప్రయోగశాల జంతువులలో సగం చనిపోవడానికి నోటి ద్వారా ఇవ్వవలసిన మోతాదు ఆ రంగుకు ఆధారం. కిలో శరీర బరువుకు 1 నుంచి 50 మి.గ్రా. అయితే ఎరుపు, 51 నుంచి 500 అయితే పసుపు, 501 నుంచి 5000 అయితే నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. మోనోక్రోటోఫాస్ ఎరుపులోను, క్లోరిపైరిఫాస్ పసుపులోను వస్తాయి.

ఈ విధానానికి గట్టి చారిత్రక కారణం ఉన్నది. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన ఆహారధాన్యం తిని వందమందికి పైగా మరణించారు. ఆ విషాదమే 1968 నాటి పురుగుమందుల చట్టానికి దారితీసింది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మోనోక్రోటోఫాస్ కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. ఇటువంటి మరణాలను ఆపడానికి త్రిభుజం ఉపయోగపడుతుంది. కాని అది ఒక్కసారి మింగిన మోతాదుకు సంబంధించిన కొలత. చావు తేని మోతాదు, ఏడాదికి మూడు నాలుగు తడవలు చర్మం ద్వారా, బట్టల ద్వారా ఇంటికి చేరితే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ఆ ఇంట్లో గర్భిణి ఉంటే ఏమవుతుందో అసలే చెప్పదు.

ఎంజైము ఒక్కటే

నాడీకణ సంధిలో ఎసిటైల్ కోలిన్ ఒక కణం నుంచి మరొక కణానికి సందేశం మోస్తుంది. సందేశం అందిన వెంటనే దానిని తొలగించకపోతే కండరం బిగుసుకుని పట్టు సడలదు. ఆ తొలగించే పని ఎసిటైల్ కోలినెస్టరేజ్‌ది. ఒక్క ఎంజైము అణువు సెకనుకు వేల సంఖ్యలో ఎసిటైల్ కోలిన్ అణువులను విడగొట్టగలదు. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఈ ఎంజైము క్రియాశీల స్థానంలోని సెరిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుంటుంది. కార్బమేట్ మందులూ అక్కడే అతుక్కుంటాయి గాని త్వరలోనే విడివడతాయి. ఆర్గానోఫాస్ఫేట్ పట్టు అలా వదలదు; సమయం గడిచేకొద్దీ ముదిరి శాశ్వతమవుతుంది. ఆసుపత్రిలో అట్రోపిన్‌తో పాటు ఇచ్చే ప్రాలిడాక్సిమ్ ఆ పట్టు ముదరకముందే పనిచేయాలి. విషబాధితుణ్ణి ఆలస్యం చేయక వైద్యునివద్దకు చేర్చాలని మనం చెప్పే మాట వెనుక ఉన్న రసాయనశాస్త్రం ఇదే.

పురుగులోను మనిషిలోను ఈ ఎంజైము చేసే పని ఒకటే. మనిషికి కొంత రక్షణ దొరికేది మోతాదు వల్ల, విషాన్ని విరిచే ఇతర ఎంజైముల వల్ల. మాలాథియాన్‌ను మన శరీరంలోని కార్బాక్సిలెస్టరేజ్‌లు త్వరగా విరిచేస్తాయి. క్లోరిపైరిఫాస్‌ను మన కాలేయమే ముందు మరింత తీవ్రమైన రూపంలోకి మారుస్తుంది. ఆ రూపాన్ని రక్తంలోని పారాక్సొనేజ్ అనే ఎంజైము విరుస్తుంది. అంటే కర్షకుని క్షేమం రెండు ఎంజైముల మధ్య జరిగే పందెంపై ఆధారపడి ఉన్నది. ఈ పందెంలో పసిబిడ్డ వెనుకబడి ఉంటుంది. అప్పుడే పుట్టిన శిశువులో పారాక్సొనేజ్ పెద్దవారికంటె చాలా తక్కువ. అది పెద్దవారి స్థాయికి చేరడానికి సంవత్సరాలు పడుతుంది. ఈ ఎంజైము స్థాయి మనిషికి మనిషికి కూడా జన్యుపరంగా మారుతుంది. ఒకే తోటలో ఒకే మందు కొట్టిన ఇద్దరిలో ఒకరు కులాసాగా ఉండి మరొకరు తల తిరిగి కూర్చోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

నరానికి దారి చూపే ప్రోటీన్లు

గర్భంలో నాడీకణం పుట్టిన చోటు ఒకటి, దాని తంతువు చేరవలసిన చోటు మరొకటి. వెన్నుపాములోని కణం నుంచి బయలుదేరిన తంతువు కాలి కండరం దాకా దారి తప్పక చేరాలి. తంతువు కొనపై ఉండే పెరుగుదల శంకువును స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రామోన్ ఇ కహల్ 1890లో గుర్తించాడు. ఆ శంకువు దారిలోని రసాయన సంకేతాలను పసిగట్టుతూ ముందుకు సాగుతుంది. కొన్ని ప్రోటీన్లు దానిని రమ్మంటాయి, కొన్ని పొమ్మంటాయి. 1994లో అమెరికాలో మార్క్ టెస్సియర్-లవీన్ బృందం కోడిపిల్లల పిండాల మెదడు నుంచి ఇటువంటి ప్రోటీన్లను వేరుచేసి నెట్రిన్లు అని పేరు పెట్టింది. దారి చూపేవాడు అనే అర్థమున్న సంస్కృత పదం నుంచి ఆ పేరు వచ్చింది. మనం నిత్యం వాడే 'నేత' అనే మాటకూ మూలం అదే.

అయితే నేత ఉంటే చాలదు. ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు వదలాలో నిర్ణయించేవి ఎంజైములు. ఎఫ్రిన్ అనే వికర్షక ప్రోటీన్‌ను చూడండి. అది ముందుగా ఎదుటి కణం గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్నది పొమ్మనడం ఎలా సాధ్యం? లోహపు అయానుతో పనిచేసే ఒక ప్రోటియేజ్ ఆ బంధం ఏర్పడిన తరువాత ఎఫ్రిన్‌ను కత్తిరిస్తుందనీ, అప్పుడే తంతువు కొన వెనుదిరుగుతుందనీ 2000లో వెలువడిన పరిశోధన చూపింది. కోత ఆలస్యమైతే తంతువు అక్కడే చిక్కుకుంటుంది.

నాడీ వృద్ధి కారకం కథ మరింత ఆసక్తికరం. రీటా లెవి-మాంటాల్చినితో కలిసి 1950 దశకంలో దీనిపై పనిచేసిన స్టాన్లీ కోహెన్, తన సారంలో న్యూక్లియిక్ ఆమ్లం ఉన్నదేమో తేల్చడానికి దానిని విరిచే ఎంజైము కోసం పాము విషాన్ని కలిపాడు. నరాల పెరుగుదల ఆగడానికి మారుగా అధికమైంది. పాము విషంలోనే ఆ కారకం పుష్కలంగా ఉన్నదని అలా తెలిసింది. అక్కడి నుంచి అన్వేషణ ఎలుక లాలాజల గ్రంథికి చేరింది. వారిద్దరికీ 1986లో నోబెల్ బహుమతి లభించింది. ఈ కారకం కణంలో ముందుగా ఒక పెద్ద అణువుగా తయారవుతుంది. ఫ్యూరిన్, ప్లాస్మిన్ వంటి ఎంజైములు దానిని కోస్తేనే పక్వరూపం వస్తుంది. కోసిన రూపం నాడీకణాన్ని బతికిస్తుంది. కోయని రూపం కణాన్ని మరణంవైపు నెట్టగలదని 2001లో తేలింది. ఒక్క కోత జరగడం, జరగకపోవడం మధ్య ఇంత భేదమున్నది.

సస్యరక్షణ శాస్త్రవేత్త ఇందులో గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. నరం ఎదుగుదల సరైన చోట, సరైన వేళ పనిచేసే ఎంజైముల వ్యవహారం. మనం పిచికారీకి ఎంచుకున్న మందు ఎంజైములకు అతుక్కోవడంలోనే నేర్పరి. అది ఒక్క ఎంజైమునే ఎంచుకుని అతుక్కోదు.

ఆధారాలు ఎంతవరకు

ఎసిటైల్ కోలినెస్టరేజ్ నాడీకణ సంధులు ఏర్పడకముందే పిండంలో కనిపిస్తుంది. సందేశాన్ని తొలగించే పనేమీ లేని దశలో దాని ఉనికికి అర్థమేమిటన్న ప్రశ్నకు, తంతువు పెరుగుదలకు అది తోడ్పడుతుందన్నది ఒక సమాధానం. 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో క్లోరిపైరిఫాస్ పెంపకంలోని నాడీకణాల తంతువుల పొడవును తగ్గించింది. ఈ ఎంజైము లేని ఎలుకల కణాలలో ఆ ప్రభావం కనబడలేదు. అంటే మందు దెబ్బ తగిలినది ఎంజైము ద్వారానే. నాడీకణాలను జతపరిచే న్యూరోలిజిన్ వంటి ప్రోటీన్ల నిర్మాణం కూడా ఈ ఎంజైమును పోలి ఉండటం గమనార్హం.

రెండవ ఎంజైము న్యూరోపతి టార్గెట్ ఎస్టరేజ్. దీనిని మార్టిన్ జాన్సన్ 1969లో గుర్తించాడు. కొన్ని ఆర్గానోఫాస్ఫేట్లు దీనిని అడ్డుకుంటే విషలక్షణాలు తగ్గిన రెండు మూడు వారాలకు కాళ్ల నరాలు దెబ్బతింటాయి; పొడవైన తంతువులే ముందు నశిస్తాయి. 1930లో అమెరికాలో కల్తీ అల్లం మద్యం తాగిన వేలాదిమంది ఇలాగే కాళ్లు ఈడ్చుకుంటూ మిగిలారు. 1988లో కలకత్తాలోని బెహాలాలో కల్తీ వంటనూనె అదే గతి పట్టించింది. ఈ రెంటికీ కారణం పురుగుమందు కాదు, ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ అనే పారిశ్రామిక రసాయనం. కాని అదీ ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబానిదే.

మూడవది మనుషులలో జరిగిన అధ్యయనం. కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో వ్యవసాయ కూలీల పిల్లలను పుట్టకముందు నుంచి పరిశీలించారు. గర్భవతిగా ఉన్నప్పుడు తల్లి మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్ అవశేషాలు అత్యధికంగా ఉన్న వర్గం పిల్లల తెలివితేటల సూచిక, అత్యల్పంగా ఉన్న వర్గం పిల్లలకంటె 7 ఏళ్ల వయసులో సగటున 7 పాయింట్లు తక్కువగా ఉన్నదని 2011లో ప్రకటించారు.

వీటి హద్దులు కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. పెంపకంలోని కణం బిడ్డ కాదు. ఆలస్యంగా వచ్చే పక్షవాతం సాధారణంగా పెద్ద మోతాదులకు సంబంధించినది. సలీనాస్ ఫలితం సంబంధాన్ని చూపుతుంది, కారణాన్ని నిశ్చయంగా నిరూపించదు. అయినా మూడు వేర్వేరు దారులు ఒకే దిక్కును చూపుతున్నప్పుడు నియంత్రణ సంస్థలు ఊరుకోలేదు. ఐరోపా సమాఖ్య 2020లో క్లోరిపైరిఫాస్‌ను తొలగించింది. అందుకు చూపిన కారణాలలో పిల్లల నాడీ వికాసంపై ఆందోళన ఒకటి. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందం కొన్ని మినహాయింపులతో దీనిని తొలగించవలసిన రసాయనాల పట్టికలో చేర్చింది. మన దేశంలో 2018 నాటి ఉత్తర్వు మిథైల్ పారాథియాన్, ఫోరేట్, ట్రైజోఫాస్ వంటివాటిని తొలగించింది. 2005 నుంచే కూరగాయలపై వాడరాదన్న మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణానికి 2023లో స్వస్తి పలికారు.

మన రెండు జిల్లాలలో

పలాస, వజ్రపుకొత్తూరు, మందస, కంచిలి ప్రాంతాల జీడిమామిడి తోటలలో టీ దోమ నివారణకు చిగురు, పూత, పిందె దశలలో పిచికారీ చేస్తారు. వరిలో మందు నేలవైపు పోతుంది. జీడి చెట్టుకు పైకి కొట్టాలి. ఆ తుంపరలు తిరిగి కొట్టేవాని ముఖం మీద, మెడ మీద, వీపు మీద పడతాయి. పవర్ స్ప్రేయరు తుంపర ఎంత సన్నమైతే అంత లోపలికి ఊపిరితో పోతుంది. తీర ప్రాంతపు ఉక్కపోతలో రబ్బరు తొడుగులు, ముఖ కవచం వేసుకుని గంటసేపు నిలబడడం ఎవరి తరమూ కాదు. వంశధార, నాగావళి ఆయకట్టు వరిలో ఆకుముడతకు, కాండం తొలుచు పురుగుకు మందు కొట్టే వేళ నీళ్లు మోసి, డ్రమ్ములో మందు కలిపి అందించేది తరచు ఇల్లాలే. తడిసిన లుంగీ, చొక్కా ఉతికేదీ ఆమే. అవి బిడ్డ బట్టలతో కలిసే నానుతాయి. రామభద్రపురం పరిసరాల కూరగాయల మడులలో కోత కోసేదీ ఆడవారే.

మన శిబిరంలో కూర్చునేది మాత్రం ఎక్కువగా పురుషులు. ప్రమాదాన్ని ఇంటికి మోసుకొచ్చే వ్యక్తికి చెబుతున్నాము. ఇంట్లో దానిని ఎదుర్కొనే వ్యక్తికి చెప్పడం లేదు.

ఉద్దానం నేర్పిన పాఠం ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడి మూత్రపిండాల వ్యాధికి కారణం ఇదేనని నేటికీ నిశ్చయంగా తేలలేదు. దానిని పురుగుమందులకు ముడిపెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని ఒక వ్యాధి ఊళ్లను కమ్మిన తరువాత వెనుదిరిగి చూస్తే, అంతకుముందు ఆరోగ్యంగా ఉన్నప్పటి కొలతలు లేకపోవడం ఎంత పెద్ద లోటో మనకు అనుభవమే. నరాల విషయంలో ఆ లోటు రానివ్వరాదు.

రాగల అభ్యంతరాలు

ఆర్గానోఫాస్ఫేట్లు చవక, చిన్న కమతాల రైతును వాటినుంచి మళ్లిస్తే ఖర్చు పెరుగుతుందని కొందరంటారు. నిజమే. అందుకే రేపటినుంచే అన్నీ మానమని ఈ వ్యాసం కోరడం లేదు. ఏది ఎంత హాని చేస్తున్నదో కొలిచి, కొలతను బట్టి మళ్లించాలని మాత్రమే కోరుతున్నది.

పరదేశపు పిల్లల ఫలితాలు మన పిల్లలకు ఎలా వర్తిస్తాయన్నది మరొక ప్రశ్న. ఎంజైముకు దేశం లేదు. మోతాదుకు మాత్రం ఉన్నది. వీపున పంపు మోసి, ఒట్టి చేతులతో మందు కలిపే మన మనిషికి చేరే మోతాదు అక్కడికంటె తక్కువని అనుకోవడానికి ఆధారం కనబడదు. మన లెక్క మనమే తీసుకోవాలనడానికి ఈ ప్రశ్నే బలమైన కారణం.

ప్రకృతి వ్యవసాయానికి మారితే ఈ బెడదే ఉండదని ఇంకొందరంటారు. మందుల వాడకం తగ్గించడంలో దాని మేలు కాదనలేము. అయితే అగ్నిఅస్త్రంలో కలిపే పొగాకులోని నికోటిన్ కూడా ఎసిటైల్ కోలిన్ గ్రాహకంపైనే పనిచేస్తుంది. చర్మం ద్వారా లోపలికి పోతుంది. కషాయం కాచే ఇల్లాలికీ తొడుగులు కావాలి. చర్చ రసాయనానికీ సహజానికీ మధ్య కాదు. నరానికి చేరే మోతాదు గురించి.

చేయవలసినవి

మొదటిది, కోలినెస్టరేజ్ పరీక్ష. ఆరోగ్యవంతులలో కూడా ఈ ఎంజైము స్థాయి మనిషికి మనిషికి ఎంతో తేడాగా ఉంటుంది. అందువల్ల జబ్బుపడిన తరువాత ఒక్కసారి చేసే పరీక్ష అంతగా ఉపకరించదు; పిచికారీ కాలానికి ముందు ఎవరి కొలత వారికి తీసి ఉంచాలి. కాలిఫోర్నియాలో 1974 నుంచి ఈ పద్ధతి నియమంగా ఉన్నది. తన సొంత కొలతకంటె 20 శాతం తగ్గితే పని పద్ధతులను సమీక్షిస్తారు. ఎర్ర రక్తకణాలలోని ఎంజైము 30 శాతం గాని, ప్లాస్మాలోనిది 40 శాతం గాని తగ్గితే ఆ వ్యక్తిని మందు పనినుంచి తప్పిస్తారు. 80 శాతానికి తిరిగి చేరేదాకా పంపరు. 1961లో ఎల్మన్ రూపొందించిన పద్ధతికి కావలసినది ఒక స్పెక్ట్రోఫోటోమీటరు, కొన్ని రసాయనాలు. రక్తం తీయడం, ఫలితాన్ని వ్యక్తికి వివరించడం వైద్యుల పని. నైర వ్యవసాయ కళాశాల, రాగోలు పరిశోధన స్థానం, ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాలు, శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలలు చేతులు కలిపితే, నైతిక సంఘం అనుమతితో కొద్ది ఊళ్లలో దీనిని ఆరంభించవచ్చు.

రెండవది, ప్రతి సిఫారసులో ఒక వాక్యం. మోతాదు, కోతకు ముందు ఆగవలసిన రోజులతో పాటు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు మందు కలపరాదనీ, కొట్టిన మడిలోకి ఎన్ని రోజులు అడుగుపెట్టరాదనీ, ఆ బట్టలు వేరుగా ఉతకాలనీ అచ్చువేయాలి. ఆ మాట స్వయం సహాయక సంఘాల సమావేశంలో ఆడవారికి నేరుగా చెప్పాలి.

మూడవది, మందు అవసరాన్నే తగ్గించడం. జీడిలో క్యాలెండరు చూసి కాక టీ దోమ ఉనికిని చూసి కొట్టడం, దానిని వేటాడే ఎర్ర చెట్టుచీమలను కాపాడుకోవడం, వరిలో ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాటలు తీయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం మనకు తెలిసినవే. వీటిని పెట్టుబడి ఆదాగానే చెబుతూ వచ్చాము. ఇకపై బిడ్డ ఆరోగ్యంగా కూడా చెప్పాలి.

నాల్గవది, పాఠ్యాంశం. వ్యవసాయ పట్టభద్రుడు పురుగుమందుల క్రియావిధానం నేర్చే తరగతిలోనే పారాక్సొనేజ్, న్యూరోపతి టార్గెట్ ఎస్టరేజ్, నాడీ వృద్ధి కారకం గురించి ఒక పాఠం చదవాలి. పురుగు తలల సారంలో ఎంజైము నిరోధాన్ని కొలిచే ప్రయోగం చేసిన విద్యార్థి, వైద్యుల సహకారంతో తన రక్తంలో అదే ఎంజైమును కొలిచి చూస్తే, ఆ పాఠం అతడు రైతు ముందు నిలబడ్డనాడు కూడా గుర్తుంటుంది.

ఇవేవీ భారీ నిధులు కోరేవి కావు. జీడి తోటలు చిగురించడానికి ఇంకా వ్యవధి ఉన్న రోజులలోనే ఒక మండలంలో, కొన్ని ఊళ్లలో, మందు కొట్టేవారి తొలి కొలతలు తీసి ఉంచితే చాలు. పిందె దశ ముగిసేసరికి మన చేతిలో మన ప్రాంతపు అంకెలు ఉంటాయి. నష్టం లేదని తేలితే రైతుకు ధైర్యం చెప్పవచ్చు. ఉన్నదని తేలితే సిఫారసు మార్చవచ్చు. రెండింటిలో ఏది చెప్పడానికైనా నేడు మనవద్ద ఒక్క అంకె కూడా లేదు.